ఇంటి లెక్కలు: ఎక్కువ తిరిగిన సరకుల బండిని కొనునప్పుడు

గత మాసమున కృష్ణా జిల్లానుండి ఒక సోదరి మాకొక లేఖ వ్రాసినది. ఆమె పెనిమిటియు మరిదియు కలిసి కూరగాయల వ్యాపారము చేయుచున్నారు. ఇంతవరకు బాడుగబండ్లమీద సరకు తెప్పించుకొనుచుండిరి. ఇప్పుడు 2,80,000 కిలోమీటర్లు తిరిగిన బొలెరో పికప్ ఒకటి అమ్మకమునకు వచ్చినదట. దానిని కొనుటకు ఆమె నానుతాడును నాలుగు గాజులను కుదువబెట్టవలెననియు, చాలనిదానికి పొదుపు సంఘములో ఆమె పేర అప్పు తీయవలెననియు ఇంటివారు నిశ్చయించిరట. “నేనును వచ్చి బండిని చూతునా?” అని ఆమె యడుగగా, “బండి సంగతి నీకేమి తెలియును?” అని నవ్విరట. అంత దూరము తిరిగిన బండిని కొనవచ్చునా, కొనరాదా అని ఆమె మమ్ము అడిగినది. ఇట్టి ప్రశ్న మా పాఠక సోదరీమణులలో మరికొందరి యిండ్లలోను లేచియుండునని తలచి, ఈ నెల దీనినే తీసికొనుచున్నాము.

ముందుగా ఆమెకు సమాధానము. 2,80,000 అను అంకెను చూచి బెదరవలసిన పని లేదు. 80,000 అను అంకెను చూచి మురియవలసిన పనియు లేదు. వేళకు ఆయిలు మార్పించుకొనుచు, ఒకే చేతిమీద, మంచి రోడ్లమీద పాలడబ్బాలు మోసిన డీజిలు బండి మూడు లక్షల కిలోమీటర్లు తిరిగియు ఇంకను కొన్ని యేండ్లు అన్నము పెట్టవచ్చును. క్వారీలయొద్ద కంకర మోసి, నెలకొక డ్రైవరు చేతిలో పడి, ఆలనాపాలనా లేక తిరిగిన బండి లక్షకే డస్సిపోవును. కాబట్టి “ఎంత తిరిగినది?” అన్న ప్రశ్నతో ఆగక, ఏమి మోసినది, ఎవరు నడిపిరి, ఎవరు చూచుకొనిరి, ఎవరి పేర నున్నది అని కూడ అడుగవలెను. ఈ నాలుగింటికిని జవాబు రాబట్టుటకు మెకానికు విద్య అక్కరలేదు. అడుగుటకు నోరును, చూచుటకు కన్నును, పట్టి పట్టి లెక్క చూచు అలవాటును చాలును. ఇంటిని నడుపు స్త్రీకి ఈ మూడింటికి కొదువ యేమి? పైగా ఎవరి బంగారము తాకట్టునకు పోవుచున్నదో, ఎవరి సంతకముమీద అప్పు పుట్టుచున్నదో వారు బండిని చూడరాదనుట న్యాయము కాదు.

మన పూర్వపు ఇండ్లలో ఒంగోలు ఎడ్లజతను కొనునప్పుడు పళ్లు చూచి వయసు లెక్కించెడివారు. గిట్టలు చూచెడివారు, కాడి మోసిన మెడను చేతితో తడవి చూచెడివారు, నాలుగడుగులు నడిపించి చూచెడివారు. అమ్మువాడు చెప్పిన వయసును విని ఊరకొన్నవారు లేరు. ఎడ్లబండి స్థానమున ఇప్పుడు చిన్న సరకుల మోటారుబండి వచ్చినది. 2005లో టాటా ఏస్, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చినవి. ఇవియు, మహీంద్రా వారి పికప్పులును పల్లెపల్లెకు చేరినవి. వస్తువు మారినది గాని చూచెడి పద్ధతి మారవలసిన పని లేదు.

మీటరు మాట చూతము. బండి ముందుభాగమున కిలోమీటర్లు చూపు అంకెలను వెనుకకు త్రిప్పుట నేడు కష్టమైన పని కాదు. కొద్ది నిమిషములలో రెండు లక్షలను ఎనుబది వేలు చేయగలవారున్నారు. అందుచేత మీటరును ఇంటి లెక్కతో సరిచూడవలెను. బండి పుట్టిన సంవత్సరము రిజిస్ట్రేషను పత్రములో ఉండును. ఏడేండ్ల బండి అనుకొందము. అది దినమునకు 120 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 దినములు పాలకేంద్రమునకు తిరిగినదని అమ్మువాడే చెప్పినచో ఏడాదికి 36,000, ఏడేండ్లకు 2,52,000 కావలెను. మీటరు 90,000 చూపినచో దినమునకు 43 కిలోమీటర్లే తిరిగినట్లు. ఈ రెండు మాటలలో ఒకటి కల్ల. మరమ్మతు బిల్లులను చూపుమని అడుగుడు. ప్రతి సర్వీసు బిల్లుమీదను ఆనాటి కిలోమీటర్లు వ్రాసియుండును. ఆ పిదప కాలిక్రింది పెడళ్లను చూడవలెను. క్లచ్చి, బ్రేకు పెడళ్ల రబ్బరు గీతలు పోయి నున్నబడినదా? స్టీరింగు చక్రము అద్దమువలె మెరయుచున్నదా? డ్రైవరు సీటు ఒక ప్రక్కకు క్రుంగినదా? ఇవి అబద్ధమాడవు. అన్నియు పాతవై పెడళ్ల రబ్బర్లు మాత్రము సరిక్రొత్తవైనచో అదియు ఒక సాక్ష్యమే.

ఇక ఏమి మోసినది అన్న ప్రశ్న. మా యభిప్రాయమున అన్నింటిలోను ముఖ్యమైనది ఇదియే. జనులు తక్కువగ అడుగునదియు ఇదియే. భీమవరము, కైకలూరు ప్రాంతములలో చేపలు, రొయ్యలు మోసిన బండి తొట్టిలో మంచుగడ్డల నీరును ఉప్పునీరును ఏండ్ల తరబడి కారియుండును. అట్టి బండికి పైన రంగెంత మెరసినను, తొట్టి నేలరేకును దానిక్రింది అడ్డకమ్ములును తుప్పు తినియుండవచ్చును. ఇసుక, కంకర, ఇనుపకమ్ములు మోసిన బండికి నడుము విరిగియుండవచ్చును. కొండదారుల ఘాట్లలో ఎక్కిదిగిన బండికి బ్రేకులును క్లచ్చియు త్వరగా అరగును. బట్టలు, మందులు, బిస్కట్ల పెట్టెలు మోసిన బండి ఎక్కువ దూరము తిరిగినను సుఖముగ బ్రతికినదని అనుకొనవచ్చును. అమ్మువాడు సరిగ చెప్పకున్న తొట్టియే చెప్పును. మూలలలో వ్రేలు పెట్టి చూచినచో సిమెంటు ధూళియో, మిరపగింజయో, చేపపొలుసో దొరకును. ఏ వాసన దేనిదో కనిపెట్టుటలో వంటింటివారిని మించిన పరీక్షకులు లేరు గదా! పరచిన క్రొత్త రబ్బరు చాపను ఎత్తించి దానిక్రింది రేకును తప్పక చూడవలెను. చాప పరచుట సరకు జారకుండుటకు కావచ్చును, చిల్లులు కనబడకుండుటకును కావచ్చును.

బండిని చూచుటకు పొద్దుటిపూట, ముందు చెప్పకుండ పోవుట మేలు. చెప్పి పోవలసివచ్చినచో, తాము వచ్చువరకు ఇంజనును నడుపవద్దని కోరవలెను. పోయినవెంటనే బానెట్టుమీద అరచేయి ఉంచి చూడుడు. పెనము కాగినదో లేదో తెలిసిన చేతికి ఇదియు తెలియును. ముందుగా వేడిచేసి యుంచిన ఇంజను సులభముగ కదలును. చల్లని ఇంజను కష్టసుఖములు దాచదు. తాళము త్రిప్పినంతనే పట్టుకొనుచున్నదా, నాలుగైదుమార్లు మూలిగి మూలిగి పట్టుకొనుచున్నదా గమనింపుడు. పిదప పొగగొట్టము ప్రక్కకు పోయి నిలువవలెను. చలి ఉదయమున మొదట కొంచెము తెల్లనిపొగ వచ్చి నిలిచిపోయిన దోషము లేదు. ఇంజను వేడెక్కినను తెల్లనిపొగ వదలకున్నచో చల్లార్చు నీరు లోనికి పోవుచుండవచ్చును, లేదా డీజిలు సరిగ కాలకుండవచ్చును. నీలిపొగ వచ్చిన ఇంజను ఆయిలును త్రాగుచున్నదని అర్థము. ఇది పెద్ద ఖర్చు. నల్లపొగకు గాలి చాలకపోవుటయో, డీజిలు ఎక్కువగుటయో కారణము. ఇందులో గాలి వడపోత అట్ట మార్చిన పోవు చిన్న దోషమును కలదు, ఇంజెక్టర్ల పెద్ద దోషమును కలదు. పొగచూరిన పొయ్యిని చూచి కట్టె పచ్చిదో ఎండుదో చెప్పగల మనకు ఈ విద్య క్రొత్తది కాదు.

ఇంజనును ఆపి ఆయిలు పుల్లను బయటికి తీయించుడు. డీజిలు ఇంజను ఆయిలు మార్చిన కొద్దిదినములకే నల్లబడును. నలుపును చూచి బెదరవద్దు. అది మజ్జిగ కలిపినట్లు తెల్లగ నురుగెత్తియున్నచో నీరు ఆయిలులో కలియుచున్నదని గ్రహించి, ఆ బండికి నమస్కరించి వెనుదిరుగుడు. రెండు వ్రేళ్ల నడుమ ఆయిలును నలిపినప్పుడు ఇసుకవలె గరగరలాడినచో లోపలి లోహము అరుగుచున్నది. రేడియేటరు మూతను ఇంజను చల్లగనున్నప్పుడే తీయించవలెను. వేడిమీద తీసినచో మరగు నీరు ముఖముమీదికి చిమ్మును. ఈ ప్రమాదము ఎన్నడును మరువరాదు. లోని నీటిమీద నూనెతెట్టు తేలుచున్న యెడల అదియు పైన చెప్పిన రోగమే. మరియొక పరీక్ష కలదు. ఇంజను నెమ్మదిగ తిరుగుచున్నప్పుడు ఆయిలు పోయు మూతను మెకానికుచేత తీయించి చూడవలెను. సన్నని ఆవిరి కొంచెము వచ్చుట సహజము. బుసబుసమని పొగ పొంగి మూతను ఎగురవేయుచున్నచో పిస్టను రింగులు అరిగినవి. ఇంజను విప్పి బాగుచేయు ఖర్చు పాత చిన్న బండి ధరలో పెద్దభాగము తినివేయును. కాబట్టి ఈ ఒక్క పరీక్షతోనే బేరము తేలిపోవుట కలదు.

క్రింద చూచుటకు సిగ్గుపడవలదు. ఒక పాత గోనెపట్టా పరచి మెకానికును క్రిందికి పంపి, టార్చిలైటు పట్టుకొని వంగి చూచినను సరిపోవును. బండి పొడవునను రెండు లావైన ఉక్కు దూలములు పోవుచుండును. అవియే బండికి వెన్నెముక. వానిమీద క్రొత్త వెల్డింగు మచ్చలు గాని, అతికిన పలకలు గాని, వంకరలు గాని కనబడినచో, ముఖ్యముగ క్యాబిను వెనుకను, కమాను పట్టీలు తగులు చోట్లను, అది బరువునకు విరిగిన బండియో, ప్రమాదమున నలిగిన బండియో అయియుండును. కమాను పట్టీలను లెక్కపెట్టుడు. రెండువైపుల సమానముగ ఉన్నవా? ఒక పట్టీ విరిగినదా? కంపెనీ ఇచ్చినవానికన్న ఎక్కువ పట్టీలు వేయించియున్నచో ఆ బండి మోయవలసినదానికన్న ఎక్కువ మోసినదనుటకు వేరే సాక్షి అక్కరలేదు. అమ్మువారు దీనినొక సుగుణముగ చెప్పుదురు: “గట్టిబండి అమ్మా, రెండు టన్నులైనను లెక్కచేయదు!” విని నవ్వుకొనుడు. ఆ పట్టీలు తట్టుకొన్నను ఇరుసు, గేరుపెట్టె, బ్రేకులు తట్టుకొనవు. బండిని సమతలమున నిలిపి దూరమునుండి చూడవలెను; ఒక మూల క్రుంగియుండరాదు.

టైర్లు పదునుగ నున్నవని మాత్రమే చూచి సంతోషింపరాదు. ప్రక్కగోడమీద నాలుగంకెల ముద్ర యుండును. 3222 అనగా 2022వ సంవత్సరపు 32వ వారమున తయారైనదని అర్థము. గీతలు నిండుగ నున్నను ఏడెనిమిదేండ్ల టైరు ఎండి పగులును. ముందుటైరు ఒక అంచుననే అరిగియున్నచో చక్రముల పొందిక చెడినది. ప్రమాదపు గుర్తు కావచ్చును.

వరదనీట మునిగిన బండిని గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగరు మొదలగు చోట్ల ఇండ్లును బండ్లును దినముల తరబడి నీట నిలిచినవి. 2015లోను 2023లోను చెన్నపట్టణపు వరదలలోను అట్లే జరిగినది. అట్టి బండ్లలో కొన్ని ఎండి, రంగు పూసుకొని, తక్కువ ధరకు మరియొక జిల్లాలో అంగడికి రావచ్చును. పైన పటారము, లోన లొటారము అనుట వీనికే తగును. సీటును ఎత్తించి క్రింద ఎండిన ఒండ్రుమట్టి ఉన్నదేమో చూడుడు. తలుపు లోపలి మూలలు, సీటుబెల్టు చివరివరకు లాగిన భాగము, దీపముల అద్దములోపలి గీత, తీగెల చివర పట్టిన పచ్చని చిలుము, మూసియుంచిన గదివంటి ముక్కవాసన, ఇవి యన్నియు నీరెంతవరకు ఎక్కినదో చెప్పును. ఇంజను బాగుగనున్నను తీగెల రోగము వదలదు. ఒకనాడు దీపము, ఒకనాడు సెల్ఫు, ఒకనాడు మీటరు చెడుచుండును. ఇట్టిదానిని ఎంత చవుకకైనను కొనవద్దని మా సలహా.

నడిపి చూచుటలో ఒక పొరపాటు తరచుగ జరుగును. ఖాళీబండిని ఊరిచుట్టు ఒకమారు త్రిప్పి బాగున్నదనుకొందురు. ఖాళీగ నున్నప్పుడు బాగుండని బండి యుండునా? పది బస్తాలైనను వేయించి, ఒక వంతెన ఎత్తుమీదికో మిట్టమీదికో తీసికొనిపోవలెను. ఇంజను అరచుచున్నను బండి వేగమందుకొననిచో క్లచ్చి జారుచున్నది. గేరు తనంతట వెలికి వచ్చినను, గేరు మార్చునప్పుడు క్రింద టకటకమన్నను, వేగము పెరిగినకొలది వెనుక ఇరుసులో ఊళ వినవచ్చినను ఆ యా భాగములకు పని ఉన్నది. ఖాళీరోడ్డుమీద స్టీరింగును వదులుగ పట్టినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగరాదు. బ్రేకు వేసినప్పుడును లాగరాదు. పది కిలోమీటర్లు బరువుతో నడచిన తరువాత వేడి ముల్లు ఎక్కడ నిలిచినదో చూచి, నిలిపిన చోట నేలమీద చుక్కలేమైన పడుచున్నవేమో కాచుకొనియుండవలెను. రేడియో పాటలు పెట్టి శబ్దము మరుగుపరచు అమ్మకపువారు కొందరుందురు. పాటను ఆపుమని నిస్సంకోచముగ చెప్పవచ్చును.

మెకానికును తీసికొనిపోవుట మంచిది. అయితే మన మెకానికు కావలెను. అమ్మువాని షెడ్డులోనివాడు ఎంత మంచివాడైనను అతని ఉప్పు తినువాడే. మనము కూలి యిచ్చి తెచ్చుకొన్నవాడు “వద్దమ్మా” అని చెప్పినచో ఆ కూలి వృథా యైనదని చింతింపరాదు. 2020 ఏప్రిల్ 1 తరువాత అమ్మిన బి.ఎస్. 6 తరగతి డీజిలు బండ్లలో పొగను శుద్ధిచేయు పరికరములు పొగగొట్టమునకు అమర్చియుండును. ఖరీదుకు వెరచి వానిని ఊడదీసిన బండ్లును కలవు. ఉన్నవో లేవో మెకానికుచేత చూపించుకొనుడు.

ఇంతవరకు చెప్పినది ఇనుమును గూర్చి. కాగితములను గూర్చి ఇంకను జాగ్రత్త కావలెను. ఇనుములోని దోషము డబ్బుతో బాగగును. కాగితములోని దోషమువలన బండియే చేజారవచ్చును.

రిజిస్ట్రేషను పత్రములోని ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును బండిమీది నంబర్లతో అక్షరమక్షరము పోల్చవలెను. చిన్నపిల్లలు నాణెముమీద కాగితముంచి పెన్సిలుతో రుద్ది బొమ్మ తీయుదురు గదా; ఛాసిస్ నంబరుమీద అట్లే కాగితముంచి పెన్సిలుతో రుద్దించినచో నంబరు స్పష్టముగ వచ్చును. అంకెల చుట్టును రాపిడి గుర్తులు, మరల చెక్కిన జాడలు కనబడినచో మాటలాడక తిరిగి రావలెను. పత్రముమీద పేరున్నవాడే అమ్ముచున్నాడా? “ఓనరు ఊరిలో లేరు, సంతకములు పెట్టిన ఫారములు నాయొద్ద నున్నవి” అనువాడు తరచుగ దళారి. చేతులు నాలుగు మారినను పేరు మారని బండ్లు ఎన్నియో తిరుగుచున్నవి. 2018లో సుప్రీముకోర్టు ఒక తీర్పునందు, బండి ఎన్ని చేతులు మారినను రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే ప్రమాదపు నష్టపరిహారమునకు బాధ్యులని చెప్పినది. కాబట్టి పేరు మారకుండుట అమ్మువానికిని కీడే. ఈ మాట చెప్పిన అతడే తొందరపడి కార్యాలయమునకు వచ్చును.

పత్రములో ఒక ఫైనాన్సు కంపెనీ పేరు వ్రాసియున్నచో అప్పు తీరినదో లేదో తేలవలెను. తీరినదని నోటిమాట చాలదు. ఆ కంపెనీవారు ఇచ్చిన నిరభ్యంతర పత్రమును, వారు సంతకము చేసిన 35వ నంబరు ఫారమును ఉండవలెను. లేనిచో మనము సొమ్ము కట్టి తెచ్చుకొన్న బండిని వాయిదా బాకీకై వారు మన వాకిటినుండియే తోలుకొనిపోవుదురు. అమ్మకమునకు 29వ నంబరు ఫారమును, పేరు మార్పునకు 30వ నంబరు ఫారమును కావలెను. ఒకే రాష్ట్రములో నైనచో అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను రవాణాశాఖకు తెలుపవలెనని చట్టము. 2014 జూన్ 2 నుండి తెలంగాణమును ఆంధ్రప్రదేశమును వేరు రాష్ట్రములు. హైదరాబాదునుండి బెజవాడకు బండి తెచ్చుకొన్నచో 28వ నంబరు ఫారముపై అచ్చటి కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. ఇచ్చట పన్నును కట్టవలసివచ్చును. చవుకగ వచ్చినదనుకొన్న బండికి ఈ ఖర్చు కలిపి చూచుకొనుడు.

ఫిట్‌నెసు పత్రము మరియొకటి. బండికి ఎనిమిదేండ్లు నిండువరకు రెండేండ్లకొకమారును, ఆపైన ఏటేటను ఈ పరీక్ష జరుగవలెను. పాతబడినకొలది రుసుము పెరుగును. ఎనిమిదేండ్లు దాటిన బండిని కొనువారు ఈ ఏటేటి తిరుగుడును లెక్కలో వేసికొనవలెను. గడువు ఇంక నెలదినములే యున్నదన్న సంగతి అమ్ముటకు కారణమై యుండవచ్చును. మొత్తము బరువుతో 3,000 కిలోగ్రాములు మించని సరకుబండికి పర్మిటు అక్కరలేదు, మించినదానికి కావలెను. మోయగలిగిన బరువు వేరు, బండితోకూడ కలిసిన మొత్తము బరువు వేరు. చట్టము చెప్పునది రెండవది. కట్టని చలానాలు బండి నంబరుమీద నిలిచియుండును. రవాణాశాఖ, పోలీసువారి వెబ్‌సైట్లలో నంబరు కొట్టి చూచిన అవియు, పన్ను గడువును తెలియును. ఇంట చదువుకొను ఆడపిల్ల యున్నచో ఈ పని ఆమెకు అప్పగింపుడు. ఆమె సెల్‌ఫోనులో చిటికెలో తీసి చూపును.

భీమా విషయమున ఒక చిన్న మెలిక కలదు. బండి చేయి మారినప్పుడు ఇతరులకు కలుగు నష్టమునకు సంబంధించిన భీమా దానితో కూడ వచ్చినట్లే చట్టము భావించును. మన బండికి మనకు కలుగు నష్టమునకు సంబంధించిన భాగము మాత్రము మన పేరకు మార్పించుకొననిదే మనకు దక్కదు. 14 దినములలో కంపెనీకి దరఖాస్తు పెట్టవలెను. అమ్మినవానికి ఉన్న నో క్లెయిము బోనసు మనకు రాదు గనుక ప్రీమియము పెరుగును. నడుపువారి లైసెన్సునుగూర్చి సందేహించువారు కలరు. 7,500 కిలోగ్రాములకు లోబడిన సరకుబండిని తేలికమోటారు లైసెన్సు గలవారు నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీముకోర్టు తేల్చినది.

బండి ఎవరి పేర వ్రాయించవలెను? అప్పును బంగారమును ఇంటి ఇల్లాలివైనప్పుడు బండి ఆమె పేర ఉండుటయే సబబని మాకు తోచుచున్నది. పెనిమిటి మంచివాడు కాడని మేము అనుట లేదు. వ్యాపారములో నష్టము వచ్చి అన్నదమ్ములు వేరుపడునాడు కాగితముమీది పేరే నిలుచును. అయితే పేరున్నవారిదే బాధ్యత యన్న పై తీర్పును మరువరాదు. తన పేర బండి ఉన్న సోదరి భీమా ఒక్కదినమైనను తప్పనీయరాదు. లైసెన్సు లేని పిల్లవాని చేతికి తాళము పోనీయరాదు.

ఇక బేరము. తెలిసిన దోషములను ఒక కాగితముమీద వ్రాసి, ఒక్కొక్కదాని ఎదుట మెకానికు చెప్పిన మరమ్మతు ధరను వేసి, ఆ మొత్తమును అడిగిన ధరలోనుండి తీసివేయుడు. నోటితో వాదించుటకన్న ఇది మర్యాదగ నుండును, పని చేయును. చేతిలోని సొమ్మంతయు బండికే పోయరాదు. మాటకు మూడు లక్షలు కూడినచో రెండు లక్షల నలుబది వేలకు మించిన బండిని చూడకుండుట మేలు. మిగిలిన అరువది వేలలో పేరు మార్పు, భీమా, టైర్లు, మొదటి మరమ్మతు తీరవలెను. తాకట్టు వడ్డీ నెలకెంతయో, సంఘము వాయిదా ఎంతయో, డీజిలు ఎంతయో కలిపి, ఇప్పుడు ఇచ్చుచున్న బాడుగతో పోల్చి చూడుడు. నెలలో పది దినములే పని యున్న బేరమునకు బాడుగబండియే చవుక కావచ్చును. ఆ లెక్క తేలినచో ఇంత శ్రమయు అక్కరలేదు. నానుతాడు మెడలోనే యుండును.

అన్నియు కుదిరి బండిని తీసికొనునాడు సొమ్మును బ్యాంకు ద్వారా చెల్లింపుడు. బండిని అప్పగించిన తేదీని మాత్రమే గాక గంటను కూడ వ్రాసి ఇరువురు సంతకములు చేసిన రసీదును ఉంచుకొనుడు. ఆ గంటకు ముందు జరిగిన చలానాలు, ప్రమాదములు మనవి కావు. రెండవ తాళపుచెవిని అడిగి తీసికొనుడు. ఇంటికి వచ్చిన వారములోనే, పాతవాడు మొన్ననే మార్చితినని ప్రమాణము చేసినను, ఇంజను ఆయిలును దాని వడపోతను, డీజిలు వడపోతను, గాలి వడపోతను మార్పించుడు. ఆనాటి కిలోమీటర్లను ఒక నోటుపుస్తకములో వ్రాసి, పాలపద్దు, బియ్యపుపద్దు వ్రాసికొనునట్లే ఆయిలు, డీజిలు, టైరు, బాగుచేత ఖర్చులను తేదీలతో వ్రాసికొనుచు పోవలెను. ఆ పుస్తకము బండిలో ఉంచరాదు. ఇంటిలో, అప్పు కాగితములతో కూడ ఉండవలెను.